బౌద్ధ శిల్పమునకు పోషకులెవరు? రాజులు, రాణులు, చర్మకారులు

మన వేదాంత కళాశాలలలో భారతీయ మతముల చరిత్రను బోధించునప్పుడు బౌద్ధ శిల్పకళను గూర్చి ఒక చిన్న పట్టిక ఇచ్చుట వాడుక. సారనాథ్ స్తంభము ఎదుట మౌర్యులు, గాంధార, మథుర శైలుల ఎదుట కుషాణులు, అమరావతి ఎదుట శాతవాహనులు, నాగార్జునకొండ ఎదుట ఇక్ష్వాకులు, సారనాథ్ బుద్ధమూర్తి ఎదుట గుప్తులు, నలందా కంచు విగ్రహముల ఎదుట పాలరాజులు అని అందులో ఉండును. పరీక్షకు ఈ పట్టిక చాలును. అయితే దాని వెనుక ఒక అభిప్రాయము దాగియున్నది. రాజు ఆదరించెను గనుక ధర్మము వర్ధిల్లెను, రాజు చేయి తీసివేసెను గనుక అది క్షీణించెను అనునదే ఆ అభిప్రాయము. బౌద్ధమును గూర్చి మాత్రమే గాక ఏ మతమును గూర్చియైనను మనము ఇట్టి మాటలు సులభముగా అనుచుందుము.

ఈ అభిప్రాయము ఎంతవరకు నిలుచునో ఆ శిల్పముల మీద చెక్కిన దానశాసనములనే అడిగి చూడవలెనని మా ఉద్దేశము. ప్రాచీన బౌద్ధ శిల్పములలో అనేకము దాత పేరుతో కూడ ఉన్నవి. ఎవరు ఇచ్చిరి, ఏమి ఇచ్చిరి, ఏ భిక్షుశాఖకు ఇచ్చిరి, ఎవరి మేలు కోరి ఇచ్చిరి అను సంగతులు ఒకటి రెండు వరుసలలో వ్రాసియుందురు. వాటిలో రాజు పేరు కూడ అప్పుడప్పుడు కనిపించును. అది ఎందుకు ఉన్నదో గ్రహించుట ముఖ్యము.

ఇందుకు పాఠకులకు బాగుగా తెలిసిన ఉదాహరణ ఒకటి చెప్పుదుము. లూకా సువార్త మూడవ అధ్యాయము తిబెరి కైసరు పాలనా సంవత్సరముతో ఆరంభమగును. పిలాతు, హేరోదు పేర్లు కూడ అక్కడనే ఉన్నవి. అంతమాత్రమున బాప్తిస్మమిచ్చు యోహాను పరిచర్యకు తిబెరి పోషకుడని ఎవరును అనరు. ఆ పేర్లు కాలమును తెలుపుటకు వ్రాసినవి. క్రీస్తు శకము వాడుకలో లేని దినములలో కాలము చెప్పుటకు రాజు పాలనా సంవత్సరము తప్ప వేరు మార్గము అంతగా లేదు. మన దేశపు శాసనములలోను రాజు పేరు చాలమారు ఈ పని కొరకే వచ్చును. దానిని పోషకత్వముగా చదివినప్పుడు పట్టిక తయారగును.

అశోకుడు

పట్టిక చెప్పినది నిజముగా వర్తించు రాజు ఒకడున్నాడు. అతడు మౌర్య చక్రవర్తి అశోకుడు (సుమారు క్రీ.పూ. 268-232). తన శాసనములను తానే వ్రాయించి, తన మాటలలోనే బుద్ధ, ధర్మ, సంఘములయందు భక్తి ప్రకటించినవాడు. బుద్ధుని జన్మస్థలమైన లుంబినిని స్వయముగా దర్శించి అక్కడ శిలాస్తంభము నిలిపి, ఆ గ్రామపు పంట పన్నును ఎనిమిదవ వంతుకు తగ్గించెను. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద నేటికిని అతని శాసనములు చదువవచ్చును. అమరావతిలో దొరికిన ఒక రాతి ముక్క కూడ అశోకుని స్తంభశాసన భాగమని పలువురు పండితుల అభిప్రాయము.

మౌర్య శిల్పమును గుర్తించుట సులభము. చునార్ ఇసుకరాయి, అద్దమువలె మెరయు నునుపు, ఒకే రాతిలో తీసిన ఎత్తైన స్తంభము, దాని శిఖరమున సింహమో, ఎద్దో, ఏనుగో. 1950లో మన జాతీయ చిహ్నమైన సారనాథ్ సింహశిఖరము ఈ కోవలోనిదే. కాని ఈ చక్రవర్తి చేయించిన శిల్పములో బుద్ధుని రూపము ఎక్కడను లేదు. ఈ మెరుగు పెట్టు విద్య రాజాస్థానముతో వచ్చి, దానితోనే దాదాపుగా పోయినది. దేశమంతట వ్యాపించిన బౌద్ధ శిల్పము దీనినుండి నేరుగా పెరిగినది కాదు. దానికి మూలము సాంచి, భార్హుత్ స్తూపముల చుట్టు కట్టిన రాతి కంచెలలో, తోరణములలో ఉన్నది.

సాంచిలో ఆరు వందలకు పైగా దానశాసనములు ఉన్నవి. ఒక్కొక్కరు ఒక స్తంభమో, ఒక అడ్డుదూలమో, ఒక పలకయో ఇచ్చిరి. వర్తకులు, గృహిణులు, భిక్షువులు, భిక్షుణులు, కొన్నిచోట్ల ఊరంతయు కలిసి. దక్షిణ తోరణము మీద మాత్రము సిరి సాతకణి అను శాతవాహన రాజు పేరు కలదు. అంతటితో దానిని శాతవాహన రాజుల తోరణమని చెప్పుట వాడుకయైనది. ఆ శాసనము చెప్పునది వేరు. ఆ రాజు వద్ద పనిచేయు శిల్పుల పెద్ద, వాసిఠి కుమారుడైన ఆనందుడు ఇచ్చిన దానమది. అదే తోరణపు స్తంభము మీద విదిశ నగరపు దంతపు పనివారు ఆ చెక్కడమును చేసిరని ఇంకొక చిన్న శాసనము కలదు. ఏనుగు దంతము మీద సన్నని పని చేయుటకు అలవాటు పడిన చేతులు రాతి మీదికి వచ్చినప్పుడు ఎట్టి శిల్పము పుట్టునో సాంచి తోరణములలో చూడవచ్చును.

కనిష్కుడు, రెండు శైలులు

బుద్ధుని మనుష్యరూపములో చెక్కుట కుషాణుల కాలమునకు స్థిరపడినది. అంతకుముందు శిల్పులు ఖాళీ ఆసనము, పాదముద్రలు, బోధివృక్షము, ధర్మచక్రము, ఛత్రము మొదలగు గుర్తులతో బుద్ధుని సూచించిరి. మన విద్యార్థులు దీనిని నిర్గమకాండము 20వ అధ్యాయములోని ఆజ్ఞతో పోల్చి, బౌద్ధులలోను విగ్రహ నిషేధము ఉండెనని వ్రాయుట కలదు. అట్లు వ్రాయుటకు ఆధారము బలహీనము. ఆ శిల్పములలో దేవతలు, యక్షులు, రాజులు, జంతువులు నిండుగా ఉన్నారు. బుద్ధుని గుర్తులుగా మనము అనుకొను వాటిలో కొన్ని, భక్తులు తరువాతి కాలమున దర్శించిన పుణ్యస్థలముల చిత్రములని 1990 ప్రాంతములో సూసన్ హంటింగ్టన్ వాదించినది. ఆ చర్చ ఇంకను ముగియలేదు. కాబట్టి తొందరపడక ఉండుట మంచిది.

పెషావరు, తక్షశిల ప్రాంతములలో పుట్టిన గాంధార శైలి బూడిదరంగు పలకరాతిలో చెక్కినది. బుద్ధునికి అలలవంటి జుట్టు, రెండు భుజములను కప్పిన బరువైన వస్త్రము, ఆ వస్త్రపు మడతలలో గ్రీకు, రోమా పద్ధతి. మథుర శైలి ఎర్ర ఇసుకరాతిది. ఇక్కడ బుద్ధుడు విశాలమైన ఛాతీ, నున్నని తలపై చుట్టగా తిరిగిన శిఖ, ఎడమ భుజము మీద మాత్రమే పలుచని వస్త్రము, అభయమిచ్చు కుడిచేయి గలవాడు. పాత యక్ష విగ్రహముల బలము ఇతనిలో కనిపించును. ఒకే సామ్రాజ్యములో, ఒకే కాలములో రెండు భిన్నమైన రూపములు ఏర్పడుటను బట్టియే శైలి రాజాజ్ఞవలన కాక, అక్కడి రాయివలన, అక్కడి పనివారివలన పుట్టునని గ్రహించవచ్చును.

కనిష్కుడు (క్రీ.శ. 127లో రాజ్యమునకు వచ్చెనని నేడు ఎక్కువమంది పండితులు అంగీకరించుచున్నారు) బౌద్ధమును ఆదరించెననుట వట్టిమాట కాదు. అతని నాణెములు కొన్నిటి మీద నిలువుటెత్తు బుద్ధుడు, పక్కన గ్రీకు అక్షరములతో 'బోడ్డో' అను పేరు ఉన్నవి. కాని బుద్ధుడున్న నాణెములు కొద్ది. నానా, మిథ్ర మొదలైన ఇరాను దేశపు దేవతలు, శివుని పోలిన ఓయెషో ఉన్న నాణెములే మిక్కిలి ఎక్కువ. 1993లో ఆఫ్ఘనిస్తానులోని రబాతక్ వద్ద దొరికిన శాసనములో ఈ రాజు నానా మొదలైన దేవతలనుండి రాజ్యము పొందెనని, వారికి ఆలయము కట్టించెనని ఉన్నది. ఆ దేవతల వరుసలో బుద్ధుని పేరు లేదు. అనేక జనులను ఏలు చక్రవర్తి ప్రతి జనుల దేవతకును నాణెము మీద చోటిచ్చెనని మేము దీనిని అర్థము చేసికొనుచున్నాము. అది ఆదరణయే. భక్తి అనుటకు ఇంకను ఎక్కువ ఆధారము కావలెను.

పెషావరు దగ్గర కనిష్కుని స్తూపములో 1908-09 త్రవ్వకములలో దొరికిన చిన్న పేటిక కథ ఇంకను ఆసక్తికరము. దాని మూతమీద బుద్ధుడు, పక్కన ఒక కుషాణ రాజు బొమ్మ ఉన్నవి. దాని మీది శాసనములో 'అగిసల' అను గ్రీకు శిల్పి పేరున్నదని తొలుత చదివిరి. చాలకాలము పుస్తకములన్నియు అట్లే వ్రాసినవి. తరువాతి పండితులు ఆ మాట మనుష్యుని పేరు కాదనియు, విహారములోని అగ్నిశాల అనియు చదివిరి. రాజుకు, గ్రీకు శిల్పికి దక్కిన ఘనత అట్లు విహారపు భోజనశాల పనులు చూచిన ఇద్దరు భిక్షువులకు చేరినది.

మథురలో సంగతి మరింత స్పష్టము. కనిష్కుని మూడవ సంవత్సరమున మథుర ఎర్రరాతితో చెక్కిన పెద్ద విగ్రహము ఒకటి వందల కిలోమీటర్ల దూరములోని సారనాథ్‌కు చేరినది. పైన రాతి గొడుగు కూడ పెట్టిరి. దానిని ఇచ్చినది త్రిపిటకములు ఎరిగిన బలుడు అను భిక్షువు. ఆ పుణ్యములో తన తల్లిదండ్రులను, గురువులను, బుద్ధమిత్ర అను భిక్షుణిని, ఇద్దరు క్షత్రపులను అనగా ప్రాంతీయ పాలకులను కూడ భాగస్థులుగా వ్రాయించెను. బుద్ధమిత్రయు త్రిపిటకములు నేర్చినదే. అంతకుముందు సంవత్సరమే కౌశాంబిలో ఆమె స్వయముగా ఇట్టి విగ్రహమును నిలిపినది. లోకమును విడిచిన భిక్షువులకు, భిక్షుణులకు సొమ్ము ఎక్కడిదని మనకు సందేహము కలుగును. ఉన్నదని రాళ్ళు చెప్పుచున్నవి. గ్రెగరీ షోపెన్ ఈ శాసనములను చూపియే, పుస్తకములలోని భిక్షువు వేరు, నేలమీది భిక్షువు వేరు అని గట్టిగా వాదించెను.

గాంధారమును విడుచుటకు ముందు ఒక మాట. అపొస్తలుడైన తోమా కథలలో వచ్చు గుండఫోరు రాజు ఆ దేశపు రాజే. తఖ్త్-ఇ-బాహీ వద్ద దొరికినదని చెప్పు శాసనములో అతని ఇరువది ఆరవ పాలనా సంవత్సరము కనిపించును. అట్టి రాజు ఉండెనని దానివలన తెలియును. తోమా అక్కడికి వెళ్ళెనని దానివలన తేలదు. అది ఎవరో చేసిన ఒక దానమునకు వేసిన తేదీ మాత్రమే.

కృష్ణా తీరము

ఇక మన ప్రాంతమునకు వత్తము. గుంటూరు ప్రాంతములోని భట్టిప్రోలు స్తూపములో అలెగ్జాండరు రీ 1892లో బయటికి తీసిన రాతి పేటికల మీద కుబిరకుడు అను రాజు పేరు కలదు. తెలుగునాట బౌద్ధ స్తూపముతో పేరు చేరిన రాజులలో అతి ప్రాచీనుడు ఇతడే. అయితే శాసనము అతనిని సింహగోష్ఠి అను సంఘమునకు ప్రముఖుడని చెప్పుచున్నది. ఊరి పెద్దలు ఒక గోష్ఠిగా కూడి దానము చేసిరి, రాజు వారిలో మొదటివాడుగా నిలిచెను. రాజు పైనుండి ఇచ్చుటకును, సంఘములో ఒకడుగా ఇచ్చుటకును ఉన్న భేదము చిన్నది కాదు.

ధాన్యకటకము, అనగా నేటి పల్నాడు జిల్లా అమరావతి, ధరణికోటల ప్రాంతము, ఆంధ్ర బౌద్ధమునకు గుండెకాయ. అక్కడి మహాచైత్యము సుమారు 50 మీటర్ల అడ్డుకొలత గలది. సాంచిలోవలె ఎత్తైన తోరణములు ఇక్కడ లేవు. వాటికి బదులు నాలుగు దిక్కుల ముందుకు పొడుచుకొని వచ్చిన అరుగులు, ఒక్కొక్క అరుగు మీద ఐదు ఆయక స్తంభములు. బుద్ధుని జననము, గృహత్యాగము, జ్ఞానోదయము, తొలి బోధ, మహాపరినిర్వాణము అను ఐదు ఘట్టములకు అవి గుర్తులు. ఈ ఏర్పాటు ఆంధ్రుల ప్రత్యేకత.

రాయి పల్నాటి సున్నపురాయి. తెలుపులో ఆకుపచ్చ ఛాయ గల ఈ రాయి మెత్తనిది, సన్నని పనికి అనువైనది. చెన్నై ఎగ్మూరు మ్యూజియములో నాళగిరి అను మదపుటేనుగు కథను చెక్కిన గుండ్రని పలకను చూచినవారు ఈ శైలి గుణమును మరువలేరు. ఒకవైపు ఏనుగు వీధిలో మనుష్యులను త్రొక్కుచు వచ్చుచున్నది. జనులు పరుగెత్తుచున్నారు. ఒక స్త్రీ భయముతో పక్కవానిని పట్టుకొన్నది. మేడమీది కిటికీలనుండి తొంగిచూచువారున్నారు. అదే పలకలో ఇంకొకవైపు ఆ ఏనుగు మోకరించి బుద్ధుని పాదముల యొద్ద వంగియున్నది. పొడవైన సన్నని దేహములు, ఒకరిపై ఒకరుగా ఒరిగిన గుంపులు, ఖాళీ లేని కదలిక. గాంధార బుద్ధుని నెమ్మది ఇక్కడ లేదు. కథ చెప్పుటలో ఆంధ్ర శిల్పిని మించినవారు లేరని మా అభిప్రాయము.

దీనికి ఎదురుగా పట్టికలో శాతవాహనులు అని ఉండును. రెండవ శతాబ్దపు వాసిష్ఠీపుత్ర పులుమావి పేరు అమరావతి శాసనములో ఉన్నమాట నిజమే. ఆ శాసనము రాజు పేరుతో మొదలై, గృహపతి పూరి కుమారుడైన ఇసిలుడు తన కుటుంబముతో కూడి పడమటి వాకిట ధర్మచక్రము నిలిపి, చైత్యక శాఖ భిక్షువులకు అప్పగించెనని చెప్పును. ఇచ్చినది గృహపతి. రాజు ఇచ్చినది తన పాలనాకాలపు పేరు.

ఇట్టి శాసనములు అక్కడ అనేకము. సుగంధద్రవ్యములు అమ్మువారు, వర్తకులు, శిల్పులు, భిక్షుణులు, విధవలు, తల్లులు కుమార్తెలు. ఆ పేర్లలో ఒకదానిలోనే 'నాగబు' అను మాటను తొలి తెలుగు మాటగా వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించెను. మన భాష వ్రాతలో మొదట కనిపించినది రాజశాసనములో కాదు, ఒక దాత పేరు ఉన్నచోట.

వీటన్నిటిలో ఒక శాసనమును ప్రత్యేకముగా చెప్పవలెను. నాగోపాధ్యాయుని కుమారుడైన విధికుడు, వృత్తిచేత చర్మకారుడు, తన తల్లితో, భార్యతో, సహోదరులతో, నాగుడను కుమారునితో, కుమార్తెలతో, జ్ఞాతులతో, మిత్రులతో, బంధువులతో కూడి పూర్ణఘటపు పలకను దానము చేసెను. తోలుపని చేయువాడు తన వృత్తిని దాచుకొనలేదు. దానిని తన పేరునకు ముందు వ్రాయించుకొనెను. అతని తండ్రి ఉపాధ్యాయుడు అను గౌరవనామము గలవాడు. ఆ పలక మహాచైత్యపు అలంకారములో చేరినది.

నాటి చర్మకారుడు, నేటి కులములు ఒకటేనని చెప్పుటకు మేము సాహసింపము. రెండువేల సంవత్సరములకు దగ్గరగా గడచినవి. వృత్తి కులముగా బిగిసిన చరిత్ర వేరుగా పరిశోధింపవలసినది. అయినను మన సంఘములలో అధిక సంఖ్యాకులు తోలుపనితో, డప్పుతో గుర్తింపబడి, గుడి వాకిలి దాటనియ్యబడని జనులనుండి వచ్చినవారు. తమ పితరులకు ఈ దేశపు మతచరిత్రలో చోటు లేదని విన్నవారు. అట్టివారి యొద్ద విధికుని శాసనమును చదువుట ఊరక పురావస్తు విషయము చెప్పుట కాదు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము స్వీకరించిన రాజచిహ్నములో అమరావతి శైలి పూర్ణఘటము ఉన్నది. ఆ గుర్తు చూచినప్పుడు పులుమావి పేరుకంటె విధికుని పేరు తలచుట న్యాయము.

విజయపురి స్త్రీలు

శాతవాహనుల తరువాత మూడవ శతాబ్దమున కృష్ణాలోయను ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, అనగా నాగార్జునకొండ. 1926లో ఎ. రంగస్వామి సరస్వతి దీనిని గుర్తించెను. లాంగ్‌హర్స్ట్ 1927-31లో త్రవ్వించెను. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరునకు శంకుస్థాపన జరిగిన దినములలో లోయ మునుగునని తెలిసి, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యమున 1954నుండి 1960వరకు లోయ అంతయు త్రవ్విరి. దొరికిన శిల్పములు నేడు జలాశయపు మధ్యనున్న ద్వీపములోని మ్యూజియములో ఉన్నవి.

ఇక్కడి మహాచైత్యము 106 అడుగుల అడ్డుకొలత గలది. లోపల ఇటుక గోడలను బండిచక్రపు ఆకులవలె కట్టి మధ్యను మట్టితో నింపిరి. శిల్పము అమరావతి శైలికి కొనసాగింపు. గుంపులు కొంచెము ఒత్తుగా, దేహములు మరింత పొడవుగా మారినవి. గుర్తులకు బదులు బుద్ధుని రూపమే ఎక్కువైనది. ఎడమ భుజము మీదుగా దిగి, క్రింది అంచున బరువైన మడతతో ముగియు వస్త్రముతో నిలిచిన బుద్ధుడు ఈ కృష్ణాలోయలోనే రూపొందెను. పల్నాటి రాతి శిల్పములు శ్రీలంకలో దొరికినవి. ఈ రూపము ఆ ద్వీపపు బుద్ధమూర్తుల మీద గాఢమైన ముద్ర వేసినది.

దీనికి పోషకులు ఇక్ష్వాకు రాజులా? మొదటి రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అగ్నిహోత్రము, అగ్నిష్టోమము, వాజపేయము, అశ్వమేధము చేసినవాడు, మహాసేనుని భక్తుడు, కోట్ల బంగారము, లక్ష గోవులు, లక్ష నాగళ్ళు దానమిచ్చినవాడు. ఈ సంగతులు మనకు ఎక్కడనుండి తెలిసినవి? బౌద్ధ మహాచైత్యపు ఆయక స్తంభములనుండియే. వ్రాయించినది అతని సహోదరి చాంతిసిరి. ఆమె అతని కుమారుడైన వీరపురుషదత్తుని ఆరవ సంవత్సరమున మహాచైత్యమునకు స్తంభములు నిలిపి, అన్న చేసిన యజ్ఞములను ఘనముగా చెప్పి, పిదప తన భర్త ఇంటివారికిని పుట్టింటివారికిని మేలును, తనకు నిర్వాణమును కోరినది. యజ్ఞము చేసిన అన్నకును స్తూపము కట్టించిన చెల్లెలికిని మధ్య వైరము కనిపించదు. ఆమె వెంబడి అంతఃపురములోని స్త్రీలు అనేకులు ఒక్కొక్క స్తంభము ఇచ్చిరి. ఉజ్జయిని రాజు కుమార్తెయైన రుద్రధర భట్టారిక వారిలో ఒకతె. వీరపురుషదత్తుని రాణి భట్టిదేవ బహుశ్రుతీయ శాఖకు విహారము కట్టించినది. వనవాస రాజు భార్యయైన కొడబలిసిరి మహీశాసక శాఖకు ఇంకొకటి కట్టించినది.

రాజకుటుంబమునకు చెందని స్త్రీ కూడ ఒకతె కలదు. ఉపాసిక బోధిసిరి. ఆమె వీరపురుషదత్తుని పదునాలుగవ సంవత్సరమున కొండమీద చైత్యగృహము కట్టించి తామ్రపర్ణి, అనగా సింహళపు ఆచార్యులకు అంకితమిచ్చినది. కాశ్మీరము, గాంధారము, చీనా, వంగము, యవన దేశము మొదలైన చోట్ల జనులను తమ ధర్మమునకు త్రిప్పిన ఆచార్యులని వారిని పొగడినది. ఆ శాసనమును మిషనరీ చరిత్ర చదువువారు తప్పక చూడవలెను.

జగ్గయ్యపేట స్తూపములో అదే రాజు ఇరువదవ సంవత్సరపు శాసనము ఉన్నది. అక్కడ ఐదు ఆయక స్తంభములు ఇచ్చినవాడు సిద్ధార్థుడు అను శిల్పి. కమ్మరాష్ట్రములోని నడతూరు గ్రామపు శిల్పి నాగచంద్రుని కుమారుడు. కూలి తీసికొని చెక్కువాడు తానే దాతగా నిలిచిన సంగతి ఇది.

రాజులు ఇచ్చినదేమి?

ఇంతవరకు చెప్పినదానిని బట్టి రాజులు ఏమియు చేయలేదని పాఠకులు అనుకొనరాదు. నాసిక్ గుహలలోని శాసనములు వారు ఇచ్చినది ఏమిటో చూపును. గౌతమీపుత్ర శాతకర్ణి తన పదునెనిమిదవ సంవత్సరమున భిక్షువులకు పొలము ఇచ్చుచు, దానిలో రాజభటులు ప్రవేశింపరాదనియు, ఉప్పు త్రవ్వరాదనియు, అధికారులు జోక్యము చేసికొనరాదనియు వ్రాయించెను. అతని తల్లి గౌతమీ బలశ్రీ తొలిపించిన గుహకు మనుమడైన పులుమావి ఒక గ్రామపు ఆదాయము ఇచ్చెను. భూమి, పన్ను మినహాయింపు, అధికారులనుండి రక్షణ. ఈ మూడు రాజు మాత్రమే ఇయ్యగలడు. చర్మకారుడు పలక ఇయ్యగలడు గాని పన్ను తీసివేయలేడు.

నాలుగవది వ్యాపారమునకు భద్రత. కృష్ణా ముఖద్వారపు ఓడరేవులనుండి సరుకు రోమా రాజ్యమునకు పోయెడిది. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన నాణెముల నిధిలో ఔగుస్తు, తిబెరి కైసరుల వెండి నాణెములు ఉన్నవి. సువార్తలలో మనము చదువు కైసరుల ముఖములే అవి. గంధపు వర్తకుని చేతిలో మిగులు సొమ్ము ఉన్నప్పుడే అతడు స్తూపమునకు స్తంభము ఇచ్చును. ఆ మిగులునకు దారి చేసినవారిలో రాజులు కూడ ఉన్నారు.

గుప్తుల కాలమున ఇదే తీరు. రాజులు పరమభాగవతులు, విష్ణుభక్తులు. ప్రసిద్ధమైన సారనాథ్ బుద్ధమూర్తులు వారి రాజ్యములోనే చెక్కినవి. చునార్ రాతిలో, తడిసినట్లు దేహమునకు అంటిన వస్త్రముతో, వాల్చిన కన్నులతో ఉన్న మూర్తులవి. క్రీ.శ. 474, 477 ప్రాంతములలో అక్కడ తేదీ వేసి నిలిపిన మూర్తుల దాత అభయమిత్రుడను భిక్షువు. రాజుల పేర్లు తేదీ కొరకు ఉన్నవి.

తూర్పున పాలరాజులు మాత్రము తాము బౌద్ధులమని చెప్పుకొని, విక్రమశిల వంటి మహావిహారములను గ్రామముల ఆదాయముతో పోషించిరి. సుమారు 1200 నాటికి ఆ రాజ్యము కూలినప్పుడు ఆ విహారములును నిలువలేదు. దీనిని చూచియే మన పట్టిక పుట్టినదని తోచుచున్నది. తూర్పుభారతపు చివరి కథను దేశమంతటికిని, అన్ని కాలములకును పరచినారు.

కృష్ణాలోయలో పక్కపక్కననే ఉన్న రెండు స్థలములను పోల్చి చూచిన ఎడల సంగతి ఇంకను తేటయగును. విజయపురిలో పెద్ద దానములు ఒక రాజకుటుంబపు స్త్రీలనుండి వచ్చినవి. నాలుగవ శతాబ్దపు ఆరంభమున ఇక్ష్వాకు వంశము పోయినది. దానితో ఆ లోయలో బౌద్ధ నిర్మాణము దాదాపు ఆగిపోయినది. వంద సంవత్సరముల వైభవము మాత్రమే. ధాన్యకటకములో దాతలు వందలాది చిన్నవారు. శాతవాహనులు పోయిరి, ఇక్ష్వాకులు పోయిరి, పల్లవులు వచ్చిరి. స్తూపము నిలిచినది. వ్యాపారము తగ్గుట, కొత్త దేవాలయములు పెరుగుట ధాన్యకటకమును కూడ బాధించినవి. క్రీ.శ. 640 ప్రాంతములో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ అనేక విహారములు పాడుబడియున్నవనియు, ఇరువది మాత్రము నడుచుచున్నవనియు వ్రాసెను. కారణము దాతల సంఖ్య ఒక్కటేనని మేము అనము. నదీమార్గము, రేవు, పాత పేరు కూడ ధాన్యకటకమునకు అండగా నిలిచినవి. అయినను ఒక్క ఇంటి మీద ఆనుకొనిన చోటు ఒక్క తరములో ఖాళీయైనదనుట కాదనలేని సంగతి.

1182లో కోట వంశపు రెండవ కేతరాజు అమరావతిలోని బుద్ధదేవునికి గ్రామములు, అఖండదీపములు ఇచ్చెను. అతడు శైవుడు. ఆ దానశాసనమును చెక్కినది అమరేశ్వరాలయములోని స్తంభము మీద. శ్రీలంకలోని గడలదెణియ విహారపు 1344 నాటి శాసనములో ధర్మకీర్తి అను స్థవిరుడు ధాన్యకటకములోని రెండంతస్తుల ప్రతిమాగృహమును బాగుచేయించెనని ఉన్నది. ఆ సంవత్సరమునకు దక్షిణాపథములో బౌద్ధుడైన రాజు లేడు. ఇక్ష్వాకులు పోయి వెయ్యి సంవత్సరములైనది.